తిరుపతి ఎండలో పీఎస్5 స్లిమ్: ఒక ఏసీ మెకానిక్ రివ్యూ

పీఎస్5 అంటే సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ పెట్టె. స్లిమ్ అంటే దాంట్లో సన్నబడ్డ మోడల్. ఆట ఆడేది మా వాడు. నేను దాని వెనకాల చెయ్యి పెట్టి గాలి చూసేవాణ్ణి.

ఇరవై రెండేళ్లుగా తిరుపతిలో ఏసీలు బిగిస్తున్నాను, బాగు చేస్తున్నాను. బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు, ఎయిర్ బైపాస్ రోడ్డు అపార్ట్‌మెంట్లు, కె.టి. రోడ్డు క్లినిక్కులు. ఏ మిషన్ కనిపించినా ముందు అది వేడిని ఎటు వదులుతోందో చూడటం అలవాటైపోయింది. పెళ్లికి పోయినా అక్షింతలు వేసే ముందు ఔట్‌డోర్ యూనిట్లు ఎక్కడ పెట్టారా అని తల తిప్పుతానని మా ఆవిడ తిడుతుంది. కాబట్టి గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఏ గేమ్ కొనాలి లాంటివి ఇక్కడ దొరకవు. అవి మా వాణ్ణి అడగాలి. వాడు ఇంటర్ రెండో సంవత్సరం, అడిగినా చెప్పే తీరికలో లేడు.

2024 దసరాకి కొన్నాం. డిస్కు పెట్టుకునే మోడల్, ఎమ్మార్పీ 54,990. పండగ కదా అని షాపువాళ్లు కొంత తగ్గించారు. కొన్న వారానికే రివ్యూ రాయమని మా వాడు పోరాడు. ఏసీ గురించి డిసెంబర్‌లో మంచి మాట చెప్పేవాణ్ణి నేను నమ్మను, దీనికీ అదే లెక్క అన్నాను. రోహిణి కార్తె దాటింది, ఇప్పుడు రాస్తున్నా.

మా బామ్మర్దిది రేణిగుంట. ఈ పీఎస్5 ఇండియాలో మొదటిసారి అమ్మకానికి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఆ ఏడాదే వాడు 49,990 పెట్టి కొన్నాడు. ఒక ఆదివారం దాన్ని దుప్పట్లో చుట్టి బండి మీద మా ఇంటికి తెచ్చాడు, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామని. చూడ్డం దేనికి, తూచేద్దాం అన్నాను. నా దగ్గర గ్యాస్ నింపేటప్పుడు వాడే డిజిటల్ కాటా ఉంది. సిలిండర్ దాని మీద పెట్టి, ఎన్ని గ్రాముల గ్యాస్ మిషన్‌లోకి పోయిందో చూసుకుంటాం. పది గ్రాములు తేడా వచ్చినా చూపిస్తుంది. వాడి పెట్టె నాలుగున్నర కిలోలు తూగింది. నాది మూడు కిలోల రెండొందల గ్రాములు.

రెండూ చేసే పని ఒకటే. అవే గేమ్‌లు, అదే వేగం. నాదాంట్లో స్టోరేజీ 825 జీబీ బదులు 1 టీబీ, అంతే తేడా.

బామ్మర్ది మొహం మాడిపోయింది. "అంటే బావా, నాకు ఇనుము జాస్తి అంటగట్టినారా?"

"ఇనుము కాదురా, ఎక్కువ భాగం అల్యూమినియం. పైగా ఎమ్మార్పీ చూస్తే నీదానికంటే నాదే ఐదు వేలు ఎక్కువ."

ఆ కిలో మూడొందల గ్రాముల కథ నాకు భలే నచ్చింది. ఈ పెట్టె గురించి తెలుసుకోవాల్సిందంతా ఆ తేడాలోనే ఉంది.

ఇలాంటి మిషన్ తయారు చేసేవాడికి చేతిలో మూడు తాళ్లు ఉంటాయి: వేగం, వేడి, ధర. మా దగ్గర టన్నేజీ, కరెంటు, ధర ఉన్నట్టు. కస్టమర్‌కి మూడూ కావాలి. ఒకటిన్నర టన్ను ఏసీలో త్రీ స్టార్‌దీ ఫైవ్ స్టార్‌దీ ఔట్‌డోర్ యూనిట్లు ఎత్తి చూడండి. గదిని చల్లబరిచే పని రెండూ ఒకేలా చేస్తాయి, కానీ ఫైవ్ స్టార్ ఎత్తేటప్పుడు మా హెల్పర్ కుర్రాడు అమ్మా అంటాడు. కాయిల్ పెద్దది, రాగి ఎక్కువ. ఆ రాగి డబ్బులు ముందే కట్టేస్తావా, నెలనెలా కరెంటు బిల్లులో కడతావా అన్నదే తేడా. గేమ్ పెట్టెలో కూడా ఆ డబ్బు ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట కట్టాల్సిందే.

సోనీ వాళ్లు ఏం చేశారంటే, చిప్పు చిన్నదిగా ఉంచి, దాన్ని గట్టిగా పరిగెత్తించారు. దీని గ్రాఫిక్స్ భాగంలో బొమ్మల లెక్కలు చేసే యూనిట్లు 36 ఉంటాయి, వాటి వేగం 2.23 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. అదే సమయంలో వచ్చిన మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ పెట్టె ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 52 యూనిట్లు, కానీ 1.825 దగ్గర నిదానంగా నడుస్తాయి. ఒకటి చిన్న బ్లోయర్‌ని స్పీడుగా తిప్పడం, ఇంకోటి పెద్ద బ్లోయర్‌ని మెల్లగా తిప్పడం అనుకోండి. చిప్పు వైశాల్యం పెరిగే కొద్దీ ఖరీదు పెరుగుతుంది. ఎక్స్‌బాక్స్ చిప్పు 360 చదరపు మిల్లీమీటర్లు, దీనిది 300 పైచిలుకు. అలా అక్కడ మిగిలింది. కానీ స్పీడు పెంచాలంటే వోల్టేజీ పెంచాలి, వోల్టేజీ పెంచితే వేడి మామూలుగా పెరగదు, ఎగబాకుతుంది. అందుకని చిప్పు మీద మిగిల్చిన డబ్బును చల్లబరిచే సామాను మీద పెట్టారని నాకు అర్థమైంది.

ఆ సామాను చూస్తే నాకు ముచ్చటేసింది. 2020 అక్టోబర్‌లో సోనీ ఇంజినీరు యసుహిరో ఒటోరి తనే ఈ పెట్టెని విప్పి చూపించిన వీడియో ఉంది. మా వాడు నాకు గేమ్‌లు చూపిస్తే ఆవలిస్తాను గానీ, ఆ వీడియో మూడుసార్లు చూశాను. ఫ్యాన్ 120 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం, రెండు వైపుల నుంచీ గాలి పీలుస్తుంది. హీట్‌సింక్, అంటే చిప్పు వేడిని లాగి గాలికి వదిలే లోహపు దిమ్మ, పెట్టె లోపల సగం చోటు ఆక్రమించేసింది. మా కండెన్సర్ కాయిల్‌లాగే సన్నటి రేకులు, మధ్యలో పైపులు.

చిప్పుకీ హీట్‌సింక్‌కీ మధ్య మామూలుగా తెల్ల పేస్టు పూస్తారు. వీళ్లు ద్రవ లోహం వాడారు. వేడిని పేస్టు కన్నా బాగా దాటిస్తుంది. కానీ అది గాలియం కలిసిన లోహం, అల్యూమినియం తగిలితే తినేస్తుంది. పైగా కరెంటు దాని గుండా పారుతుంది, ఒక చుక్క జారి బోర్డు మీద పడితే కథ కంచికే. దాన్ని పట్టి ఉంచడానికి చుట్టూ కట్ట కట్టారు. దీని తయారీకే రెండేళ్ల పైన పట్టిందని ఆయన చెప్పాడు. అక్కడ కాస్త ఖర్చు పెడితే హీట్‌సింక్ మీద అంతకన్నా ఎక్కువ మిగులుతుంది. ఇలాంటి లెక్కే నాకు ఇష్టం.

మరి బామ్మర్ది పెట్టెలో అంత బరువు ఎందుకు? నాకు తోచింది చెప్తా: భయం. మొదటి ఏడాది ఏ కంపెనీకైనా తన మిషన్ జనం ఇళ్లల్లో ఎలా నడుస్తుందో తెలీదు. కొంచెం ఎక్కువే వేద్దాం అనుకుంటారు. 2021లోనే హీట్‌సింక్ తగ్గించి 300 గ్రాములు తేలిక చేశారు. 2022లో చిప్పు తయారీని 7 నానోమీటర్ల పద్ధతి నుంచి 6కి మార్చి దాన్ని కుదించారు, పెట్టె 3.9 కిలోలకి దిగింది. ఆ తర్వాతది ఈ స్లిమ్.

2021లో ఆ తేలిక మోడల్ వచ్చినప్పుడు, వెనక నుంచి వచ్చే గాలి వేడి పెరిగింది, మనల్ని ముంచేశారు అని ఒకాయన వీడియో పెడితే లోకమంతా గోల. మా బామ్మర్ది కూడా నాకు పంపాడు. నాకు నవ్వొచ్చింది. ఔట్‌డోర్ యూనిట్ వెనక చెయ్యి పెడితే వేడిగాలి కొట్టాలి, కొడితేనే అది పని చేస్తున్నట్టు. చల్లగాలి వస్తే నేను గ్యాస్ డబ్బా తీస్తాను. బయటికొచ్చే గాలి వేడి వేరు, లోపలి చిప్పు వేడి వేరు. తర్వాత కొందరు పెట్టె విప్పి, లోపల తీగలు పెట్టి కొలిచి ఆ మాటే చెప్పారు.

నేనూ కొలిచాను. కరెంటు కొలవడానికి క్లాంప్ మీటర్ ఉంది కదా. దీంతో ఒక తిరకాసు ఉంది, ఇంట్లో ప్రయత్నించేవాళ్లకి చెప్తున్నా: పవర్ వైరు మొత్తాన్ని మీటర్ కొక్కెంలో పెడితే సున్నా చూపిస్తుంది, పోయే కరెంటూ వచ్చే కరెంటూ చెల్లుకు చెల్లు. ఒక్క వైరునే పట్టుకోవాలి. నా దగ్గర దీని కోసమే వైర్లు విడదీసి పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి ఉంది. మెనూలో ఊరికే ఉంటే 0.2 ఆంపియర్లు. మా వాడు ఏదో కొండలూ మంచూ ఉన్న పెద్ద గేమ్ పెట్టగానే 0.9కి పోయింది. 230 వోల్టుల మీద అది 200 వాట్లు పైచిలుకు. ఏసీ గ్రిల్లు దగ్గర పెట్టే థర్మామీటర్ కొనని పెట్టె వెనక పెట్టాను. గది 30 డిగ్రీలు ఉన్నప్పుడు గాలి 50 దాకా వచ్చింది.

ఈ 200 వాట్లు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు, మీ గదిలోనే ఉంటాయి. లోడ్ లెక్క వేసేటప్పుడు గదిలో కూర్చునే ఒక్కో మనిషికి వంద వాట్లు వేసుకుంటాం. అంటే ఈ పెట్టె ఆన్ చేస్తే ఇద్దరు చుట్టాలు వచ్చి కూర్చున్నట్టు. మంచినీళ్లు అడగరు, అంతే. ఒక టన్ను ఏసీ గది నుంచి గంటకి 12,000 బీటీయూల (వేడికి మేం వాడే కొలత) వేడిని లాగుతుంది, అంటే దాదాపు 3,500 వాట్ల వేడి. ఆ లెక్కన ఏసీ మీద ఈ పెట్టె వేడి భారం ఆరు శాతం లోపే. పెట్టెకి 200, దాని వేడిని బయటికి తోయడానికి ఏసీకి ఇంకో 60 వేసుకోండి. రోజుకి మూడు గంటలు ఆడితే నెలకి ఇరవై మూడు, ఇరవై నాలుగు యూనిట్లు. పెద్ద ఖర్చేం కాదు గానీ, కరెంటు బిల్లు స్లాబు అంచు మీద ఉన్న ఇంట్లో తెలుస్తుంది.

అసలు మేలు ఇప్పుడు చెప్తా. మన ఊళ్లో కొనేవాళ్లకి దీనికన్నా పెద్ద మేలు లేదు.

ఫోన్ ఎండలో పట్టుకుంటే ఏమవుతుంది? స్క్రీన్ మసకబారుతుంది, నత్తలా నడుస్తుంది. వేడెక్కింది కాబట్టి వేగం తగ్గించుకుంటుంది. ఈ పెట్టె అలా చెయ్యదు. దీన్ని రూపొందించిన మార్క్ సెర్నీ 2020 మార్చిలో ఇచ్చిన ప్రసంగాన్ని మా వాడు సబ్‌టైటిళ్లతో పెట్టి, అక్కడక్కడా ఆపి చెప్పాడు. పాత పెట్టెల్లో వేగం కట్టుదిట్టం, కరెంటు ఎంతైనా లాగొచ్చు. ఏ గేమ్ ఎంత లాగుతుందో డిజైన్ చేసేవాడు ముందే ఊహించాలి. ఊహ తప్పితే ఫ్యాన్ విమానంలా అరుస్తుంది, లేదంటే పెట్టె ఆగిపోతుంది. దీంట్లో తిరగేశారు: కరెంటుకి హద్దు గీశారు, ఆ హద్దు లోపల వేగం అటూ ఇటూ కదులుతుంది. కదిలేది కూడా థర్మామీటర్‌ని చూసి కాదు, చిప్పు ఆ క్షణంలో చేస్తున్న పనిని చూసి. అందుకే ఏ పెట్టె అయినా, ఏ ఊళ్లో అయినా ఒకే గేమ్‌కి ఒకేలా నడుస్తుంది. సపోరోలో మంచులో కూర్చున్న జపాన్ పిల్లోడికీ, కొర్లగుంటలో మేడ మీద గదిలో చెమటలు కక్కే మా వాడికీ ఒకే వేగం.

నమ్మకం కుదరక మే నెలలో ఏసీ కట్టేసి పరీక్ష పెట్టాను. మాది పై అంతస్తు, స్లాబు పొద్దంతా కాగి రాత్రి తొమ్మిదికి కూడా వేడి వదలదు. గది 36కి ఎక్కింది. క్లాంప్ మీటర్ మళ్లీ అదే 0.9 చూపించింది. మా వాడికి ఆటలో తేడా కనపడలేదు. ఫ్యాన్ చప్పుడు మాత్రం గట్టిపడింది. ఏసీ వేసిన గదిలో చెవి దగ్గర పెడితే గానీ వినపడనిది, ఇప్పుడు మంచం మీదికి వినిపిస్తోంది.

అప్పుడే మా అమ్మ గదిలోకి వచ్చింది. "ఏంది నాయనా, ఈ గది పొయ్యి మాదిరి కాలతా ఉండాది. చదువుకునే పిలకాయని పెట్టి ఏం పరీచ్చలు ఇయి?" అని స్విచ్చి కట్టేసింది. దాంతో పరీక్ష ముగిసింది.

గది వేడెక్కిందని వేగం తగ్గించుకోదు కాబట్టి దీనికి ఒకటే దారి: ఫ్యాన్ గట్టిగా తిప్పడం. అది కూడా చాలకపోతే తెర మీద హెచ్చరిక పెట్టి ఆపుకోమంటుంది. ఆ హెచ్చరిక ఒకసారి చూశాం, తప్పు మాదే. దుమ్ము పడుతుందని మా ఆవిడ దాన్ని టీవీ కింద అద్దాల తలుపున్న అరలో పెట్టింది. నేను సైటు మీద ఉన్నాను, చూసుకోలేదు. వెనక వదిలిన వేడిగాలి అర దాటి పోలేదు, ముందు నుంచి మళ్లీ అదే గాలి పీల్చుకుంది. లాడ్జీల్లో రెండు గోడల మధ్య ఇరుకు సందులో ఆరేడు ఔట్‌డోర్ యూనిట్లు ఎదురెదురుగా బిగిస్తే జరిగేది ఇదే, ఒకదాని ఊపిరి ఇంకోటి పీల్చి అన్నీ ట్రిప్ అవుతాయి. ఊరందరికీ చెప్పేవాడి ఇంట్లోనే! ఇప్పుడు టీవీ పక్కన విడిగా స్టూలు మీద, గోడకి జానెడు ఎడంగా ఉంటుంది. అడ్డంగానే పెట్టాం. పెట్టెతో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ కాళ్లు అందుకు సరిపోతాయి. నిలబెట్టే స్టాండు కావాలంటే విడిగా కొనుక్కోవాలి. యాభై ఐదు వేల వస్తువుకి ఒక స్టాండు ఇవ్వలేరా అనిపిస్తుంది.

దుమ్ము సంగతి. తెల్ల కవరు స్క్రూడ్రైవర్ లేకుండా చేత్తో జరిపితే వచ్చేస్తుంది, ఇది మంచి ఏర్పాటు. బామ్మర్ది పెట్టె నాలుగేళ్లలో మొదటిసారి తెరిచాను. ఫ్యాన్ రెక్కల మీద బూడిదరంగు ఉన్ని లాంటిది, దాని మీద నూనె జిడ్డు, సాంబ్రాణి వాసన. పెట్టె పూజ గూడు కిందే ఉంటుందట. దుమ్ము వాక్యూమ్‌తో లాగడానికి లోపల ప్రత్యేకంగా రెండు గుంటలు పెట్టారు, నాలుగేళ్లుగా ఈ సంగతి వాడికి తెలీదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో పట్టుకోండి, గాలికి అది ఇష్టమొచ్చినట్టు తిరగకూడదు. ఇంకా లోపలికి పోకండి. హీట్‌సింక్ దాకా విప్పి పేస్టు మారుస్తామనే వాళ్లు ఉంటారు, అక్కడ ఉండేది పేస్టు కాదని ముందు వాళ్లకి తెలుసో లేదో కనుక్కోండి.

ఈ జాగ్రత్త నాకు ఊరికే రాలేదు. పన్నెండేళ్ల కిందట ఒక పాత తరం పెట్టె సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, పేరు అనవసరం. మే నెలలో తెర మీద చారలొచ్చి ఆగింది. ఒక రిపేరు షాపతను హాట్ ఎయిర్ గన్‌తో చిప్పు చుట్టూ కాల్చి, "సోల్డర్ కూర్చుండేసిందన్నా, ఇంక భయం లేదు" అని 2,500 తీసుకున్నాడు. మూడు వారాలకి మళ్లీ అవే చారలు. రోజూ అతుకులు బ్రేజింగ్ చేసేవాణ్ణి, నేనెలా నమ్మానో.

నాది అది కాదు గానీ, వేడి లెక్క తప్పితే ఎంత పోతుందో 2005 నాటి ఎక్స్‌బాక్స్ 360 చూపించింది. వేడెక్కి, చల్లారి, వేడెక్కి, చల్లారి లోపలి సన్నటి అతుకులు చిట్లేవి, ముందు మూడు ఎర్ర లైట్లు వెలిగేవి. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకి పెంచి, ఆ ఖర్చు కింద 100 కోట్ల డాలర్ల పైన రాసుకోవాల్సి వచ్చింది. ఈ సంగతి చెప్పాక బామ్మర్ది తన పెట్టెలో ఉన్న ఎక్కువ బరువు గురించి ఫిర్యాదు మానేశాడు.

ధర దగ్గరే నాకు మింగుడు పడలేదు. ఇలాంటివి ఏళ్లు గడిచే కొద్దీ చవకవ్వాలి. చిప్పు చిన్నదైతే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే హీట్‌సింక్ తగ్గుతుంది, బరువు తగ్గితే ఓడలో ఎక్కువ పెట్టెలు పడతాయి. పీఎస్2 అమెరికాలో 2000లో 299 డాలర్లకి వచ్చి 2002కి 199 అయింది. పీఎస్4 399కి వచ్చి, మూడేళ్లకి స్లిమ్ 299. మరి ఇది? ఇండియాలో 49,990కి వచ్చింది, 2022లో 54,990 అయింది, కిలో మూడొందల గ్రాములు తగ్గిన స్లిమ్ కూడా 2024లో అదే 54,990కి వచ్చింది. లోపల తగ్గిన సామాను ఖరీదు నా దాకా రాలేదు. 2021 మధ్యకల్లా డిస్కు మోడల్‌ని నష్టానికి అమ్మడం ఆగిపోయిందని సోనీ వాళ్లే చెప్పారు. మరీ పాత రోజుల్లో, 2006లో, పీఎస్3ని 599 డాలర్లకి అమ్మి కూడా నష్టపోయిన కంపెనీ అది, లెక్క నేర్చుకుంది. చిప్పుల ఖరీదు, డాలర్ రేటు, అన్నీ పెరిగాయంటారు. కావొచ్చు. నా రాగి పైపు రేటూ పెరిగింది, కస్టమర్‌కి చెప్పేటప్పుడు నా గొంతూ ఇలాగే తగ్గుతుంది.

ఎవరు కొనొచ్చు అంటే, ఇంట్లో ఉన్నది 32 అంగుళాల టీవీ అయితే దీని బలంలో సగం మీకు కనపడదు. పది అడుగుల గదికి రెండు టన్నుల ఏసీ అడిగేవాళ్లకి నేను వద్దని చెప్తాను, డబ్బు పోయినా సరే. వాళ్లకి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ లాంటి చిన్న పెట్టె చాలు. అది వచ్చినప్పుడు ఇక్కడ 34,990. గ్రాఫిక్స్ యూనిట్లు 20 మాత్రమే, వేడీ తక్కువే. పెద్ద 4కే టీవీ ఉండి, పిల్లలు రోజూ ఆడేవాళ్లయితే ఈ స్లిమ్ తీసుకోండి. పాత బరువు మోడల్ ఎవరైనా మంచి ధరకి ఇస్తే అదీ వదలొద్దు, కవరు తీసి దుమ్ము చూసి కొనండి.

అయిదుకి నాలుగు మార్కులు. కోసిన ఆ ఒక్క మార్కూ ధరకి కాదు. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంలో వాడాల్సిన గది వేడి 5 నుంచి 35 డిగ్రీలు అని ఉంది. మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా ఏసీ లేని తిరుపతి గది మధ్యాహ్నం పూట 35 లోపల ఎప్పుడుంటుంది? మా ఇంట్లో ఇప్పుడు వేసవి వేళలు పెట్టేశాం. పగలు పెట్టె ముట్టుకోకూడదు, రాత్రి ఏసీ వేసి గది 30కి దిగాక, అదీ రికార్డులు రాయడం అయిపోతేనే. రెండో షరతు మా ఆవిడది, దానికీ వేడికీ సంబంధం లేదు.